టవర్ మీద సెలవు

"టవర్ ఎక్కారా? పైనుంచి ఊరెలా ఉంది?" వీడియో కాల్‌లో భార్య ఆత్రంగా అడిగింది.

"అబ్బ, ఏం లిఫ్టే! వెన్నలా జారుతూ వచ్చిందనుకో" అన్నాడు లిఫ్టు మెకానిక్. ఈ చలికాలం పనిమీద కొత్త ఊరొచ్చి, దొరికిన ఒక్క సెలవునాడూ లిఫ్టు తలుపునే తడిమి చూస్తున్నాడు.

"ఆహా, సంబడం! లిఫ్టు చూడ్డానికి అంత దూరం వెళ్లాలా? ఫోన్ కిటికీ వైపు తిప్పండి, నేనైనా ఊరు చూస్తాను."

తిప్పాడు. మంచు కప్పిన తెల్లటి ఇళ్ల మధ్య నల్లగా నది మెలికలు తిరుగుతోంది.

"అమ్మో, ఎంత బావుందో!" అంది భార్య. అంత ఏముందా అని తనూ అటు చూశాడు. అలాగే నిలబడిపోయాడు.

వెనక లిఫ్టు గంట మోగింది.

"ఏమండోయ్, మీ లిఫ్టు పిలుస్తోంది!" నవ్వింది భార్య.

"పిలవనీవే. ముందు ఆ నది ఎటు పోతోందో చూడు."