బొగ్గు పథ్యం

“ముందు మీరు తాగండి మామయ్యా. మీరు తాగితే గానీ అది మూతి పెట్టదు.”

మామగారు గ్లాసులోకి చూశాడు. క్యారెట్ రసం. కింద నల్లకుక్క బొగ్గు గిన్నెలోనూ అదే.

“పథ్యం కుక్కకైతే నాకెందుకమ్మా?”

“అది అనుమానప్పక్షట. ఇంటిల్లిపాదీ తాగితేనే తాగుతుందని డాక్టరుగారు చెప్పారు.”

“మరి నువ్వో?”

కోడలు తన గ్లాసు గటగటా తాగి బోర్లించి చూపింది. మామగారు ముక్కు మూసుకుని మింగాడు. అప్పుడు బొగ్గు గిన్నెలో మూతి పెట్టింది. అది నాకుతుంటే చూసి కోడలు ఊపిరి పీల్చుకుంది.

అంతకుముందు, కడుపులో బిడ్డ నిలవకపోయాక ఆమె గదిలో తలుపేసుకుని పడుకుంది. భర్త లారీ ఎక్కితే వారానికి గానీ దిగడు. మామగారే ఇంత వండి గుమ్మంలో పెట్టేవాడు. ఒకనాడు ఆయన గోడ పట్టుకుని నిలబడ్డాడు.

“నాకూ తిండి సయించట్లేదమ్మా. నేను తినకపోతే బొగ్గూ ముట్టట్లేదు. దాన్ని డాక్టరుకు చూపిద్దామంటే నడిచే ఓపిక లేదు.”

ఆమె గబుక్కున లేచింది. తన దుఃఖంలో పడి పెద్దప్రాణాన్ని ఎండబెట్టానని కుమిలిపోతూ చెప్పులు వేసుకుంది.

పశువుల డాక్టరు బొగ్గును బల్ల మీదికి ఎత్తి నడుం పట్టుకున్నాడు.

“బరువుగానే ఉంది కదండీ?” అంది ఆమె.

“నీరసం పైకి కనపడదమ్మా. రోజూ క్యారెట్ రసం, చక్కెర వద్దు. ఈ విటమిన్ చుక్కలు దాని గిన్నెలోనే వెయ్యండి. పొద్దునా సాయంత్రం బయట తిప్పాలి. మీరిద్దరూ దాంతోపాటే తాగాలి.”

“మా మామయ్యకు కూడా బలానికేదైనా రాయండి.”

“మనుషుల మందులు నాకు తెలీవు. ఆస్పత్రివాళ్ళు ఎవరికేం ఇచ్చారో అది మానకుండా వేసుకోండి. కుక్క చూస్తుండాలి.”

ఆస్పత్రివాళ్ళు తనకిచ్చిన విటమిన్ సీసా అలమరలో మూత తీయకుండానే ఉంది. కుక్క చూస్తుండగా వేసుకోవడం మొదలుపెట్టింది.

క్యారెట్లు కొనేచోట కూరగాయలామె నవ్వింది. “పెట్టిపుట్టిందమ్మా మీ కుక్క. మా ఆయనకు నేను మంచినీళ్ళు కూడా ఇవ్వను.”

కోడలికీ నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో.

భర్త ఫోన్ చేశాడు. “నాన్న ఎలా ఉన్నాడు?”

“రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తిన్నారు. బొగ్గు వల్లే ఇదంతా. దానికి దండం పెట్టాలి.”

నెల తిరిగాక ముగ్గురూ డాక్టరు దగ్గరికి వెళ్ళారు. బొగ్గును లాక్కుంటూ ముందు నడిచింది ఆమే.

“మా మామయ్యను నిలబెట్టారు. మీ మేలు ఈ జన్మకు మరిచిపోను” అంది.

డాక్టరు తల వంచుకుని చేతులు తుడుచుకున్నాడు. “నేను చేసిందేముందమ్మా.”

ఆమె కళ్ళొత్తుకుని కుక్కతో బయటికి నడిచింది. మామగారు తలుపు ఓరగా వేసి, డాక్టరు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

“కోడలు మంచం దిగింది, ఇక నేనూ బొగ్గూ దొంగతిండి మానెయ్యొచ్చా?”