పన్నెండో నంబరు బస్సు

కంప్యూటర్ కుడికి తిరగమంది. పన్నెండో నంబరు బస్సు ఎడమకి తిరిగింది.

కంట్రోల్ రూమ్‌లో తెర ముందున్న ఇంజినీరుకి ఒళ్ళు మండిపోయింది. వరదలో ఏ బస్సు ఏ దారిన వెళ్తే జనాన్ని తొందరగా శిబిరానికి తరలించవచ్చో లెక్కకట్టే ఆ ప్రోగ్రాం, ఆయన ఆర్నెల్లు తిండీ నిద్రా మాని రాసింది మరి!

వెంటనే బస్సులోని ఫోనుకి చేశాడు.

"ఏమయ్యా డ్రైవరూ, దగ్గర దారి వదిలేసి అటెందుకు పోయావ్?"

"కాలవ పొంగింది బాబూ. మీకక్కడ రోడ్డు కనబడుతోందేమో, నాకిక్కడ చేపలు కనబడుతున్నాయి."

"ఎదురు చెప్పకు! కంప్యూటర్ చెప్పినట్టు చెయ్యి."

"అలాగే బాబూ," అన్నాడు. మళ్ళీ ఎడమకే పోయాడు.

అలా ఐదు ట్రిప్పులు. ప్రతిసారీ చీవాట్లు, ప్రతిసారీ "అలాగే బాబూ". మిగతా బస్సులు రెండేసి ట్రిప్పులకే ఆపసోపాలు పడ్డాయి గానీ, కోపంలో ఇంజినీరుకి అదేం పట్టలేదు.

మూడింటికి లెక్క తేలింది. ఊళ్ళో మూడు వందల నలభై మంది. శిబిరం చేరింది ఒకరు తక్కువ.

నాలుగింటికి ఊరి ఎగువనున్న డ్యామ్ గేట్లు ఎత్తకపోతే డ్యామే ఉండదు. ఎత్తితే ఆ ఒక్క మనిషి ఉండడు. ఇంజినీరు మళ్ళీ పన్నెండో నంబరుకి ఫోన్ చేశాడు.

"ఆరో వీధిలో ఒకడు మిగిలాడయ్యా! పోయి వెతుకు!"

పది నిమిషాల్లో జవాబొచ్చింది. "ఇల్లిల్లూ తలుపు కొట్టాను బాబూ. గొంతు పోయేలా అరిచాను. పిల్లి కూడా లేదు."

"కంప్యూటర్ ఉన్నాడంటోంది!"

"అయితే దాన్నే ఓసారి పంపండి. వెతుక్కుంటుంది."

ఇంజినీరు కుర్చీలోంచి లేచిపోయాడు. "దిగు! జీపులో ఇంకో డ్రైవర్ని పంపిస్తున్నా. తాళాలు వాడికిచ్చి నీ దారిన నువ్వు పో!"

"అలాగే బాబూ."

ఈసారి మాత్రం చెప్పినట్టే చేశాడు.

నాలుగు కావడానికి ఐదు నిమిషాలుందనగా కొత్త డ్రైవరు ఫోన్ చేశాడు. "వీధంతా గాలించాను సార్, ఎవరూ లేరు. అవునూ, నాకు తాళాలిచ్చిన ముసలాయనెవరు? పన్నెండో నంబరు నడిపే మావాడు ఆరో వీధి మొదట్లో బస్సాపి, తాళాలు దానికే వదిలేసి, జ్వరమని పొద్దుటే ఇంటికెళ్ళాడు కదా!"

ఇంతలో శిబిరం నుంచి గుమాస్తా ఫోన్.

"లెక్క సరిపోయింది సార్, గేట్లెత్తమనండి! ఆరో వీధి ఆయన ఇప్పుడే వచ్చాడు. రిటైరైన బస్సు డ్రైవరంట. పొద్దున ఎక్కుదామని వస్తే నడిపేవాడు లేడని తనే నడిపాడంట, ఇందాక మీరు దింపేస్తే నడిచొచ్చాడంట."