చూపు నిలవని కూజా

“నీ కూజా మీద ఒక్కరి చూపూ నిలవట్లేదేంటే, పాపం?” అన్నాడు భర్త. ఆ గొంతులో జాలి తప్ప అన్నీ ఉన్నాయి.

“మీ పని మీరు చూసుకోండి,” అంది భార్య, గోడ మీది పెద్ద తెర నుంచి కళ్ళు తిప్పకుండా.

ఇద్దరిదీ ఒకే ఆఫీసు. చేతికి దెబ్బ తగిలి కోలుకుంటున్నవాళ్ళ కోసం అక్కడ ఒక కంప్యూటర్ ఆట తయారవుతోంది. తెర మీది కూజాని మౌస్‌తో ఎత్తి, వంచి, గ్లాసుల్లోకి నీళ్ళు పొయ్యాలి. ఆ కూజా బొమ్మ ఆయనొకటి చేశాడు, ఆమె ఒకటి చేసింది. ఎవరిది నెగ్గితే వాళ్ళు రేపట్నుంచి టీమ్ లీడ్. ఓడినవాళ్ళు వాళ్ళ కింద పనిచెయ్యాలి.

ఆడేవాళ్ళ కళ్ళు ఎటు పోతున్నాయో తెర కింద బిగించిన చిన్న కెమెరా కనిపెడుతుంది. చూపు ఎక్కువసేపు ఆగినచోట ఎర్రటి మరక పడుతుంది. ఆయన కూజా అడుగు నుంచి మూతి దాకా ఎరుపే. ఆమె కూజా మాత్రం పెళ్ళిలో ఎవరూ పలకరించని చుట్టంలా తెల్లగా మిగిలిపోయింది. ఎరుపంతా పక్కనున్న గ్లాసుల మీద పడింది.

“ఆ గ్లాసులు ఎవరు చేశారో గానీ, ప్రైజు వాళ్ళకిచ్చెయ్యొచ్చు,” అన్నాడాయన.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఇంట్లో దుప్పటి మడతపెట్టడం చేతకాదు ఈ మనిషికి. ఇక్కడ మాత్రం ఏం చేసినా జనం కళ్ళప్పగించి చూస్తారు. రేపట్నుంచి ‘బాస్’ అని పిలవాలి. వంటింట్లో కూడా అలాగే పిలవమంటాడు, అనకుండా ఉండే రకం కాదు.

“టీ తాగొస్తా. నీకూ తెమ్మంటావా?”

“వద్దు.”

“చల్లార్చి తెస్తాలే. అసలే వేడి మీదున్నావు.”

ఆయన తలుపు దాటగానే ఆమె మౌస్ అందుకుంది. రెండు కూజాలకీ రెండు ఫైళ్ళు. ఒకదాని మీద ఆయన పేరు, ఒకదాని మీద తన పేరు. ఇటు పేరు అటు, అటు పేరు ఇటు మార్చేసింది. ప్రాణం ఎంతో హాయిగా ఉంది.

ఆయన టీ కప్పుతో తిరిగొచ్చేసరికి డైరెక్టర్ మేడం కూడా వచ్చింది. నిలబడే రెండు ఫైళ్ళూ తెరిచి చూసింది.

“ఇందులో ఆలోచించడానికేముంది?” అంది భార్యతో. “మీ ఆయనదే.”

భార్య గబుక్కున కుర్చీలోంచి లేచింది. “అదేంటండీ? ఆయన కూజాని ఎవరూ చూడనే లేదు కదా. ఎరుపంతా నా కూజా మీదే ఉంది.”

భర్త కనుబొమ్మలు పైకి లేచాయి.

“అందుకే నీది ఓడిపోయిందమ్మా,” అంది మేడం. “ఇంట్లో నీళ్ళు పోసేటప్పుడు నువ్వు కూజా వంక చూస్తావా, గ్లాసు వంక చూస్తావా? చేతికి లొంగినదాన్ని కళ్ళు పట్టించుకోవు. పొయ్యాల్సిన చోటికి ముందే వెళ్ళిపోతాయి. నీ కూజా పిడి వాళ్ళ మౌస్‌కి ఎంతకీ చిక్కలేదు. ఎక్కడ ఒలికిపోతుందోనని దాన్నే చూస్తూ ఉండిపోయారు.”

నెగ్గిన కూజాని మేడం తెర నిండా పెద్దది చేసింది. సన్నని మెడ, మౌస్‌కి ఇట్టే చిక్కేలా వంపు తిరిగిన పిడి. అది నిజానికి భార్య చేసిన కూజా. తినీ తినకా కూర్చుని చెక్కిన పిడి. నాదే అని నోరు విప్పితే పేర్లు మార్చిన సంగతి బయటపడుతుంది. తేలు కుట్టిన దొంగలా నిలబడి భర్త వంక చూసింది. అది ఎవరిదో ఆయనకి తెలుసు. పక్క కుర్చీలోంచి రోజూ చూస్తూనే ఉన్నాడు. ‘ఇది నాది కాదండీ’ అని ఆయనొక్క మాటంటే చాలు.

ఆయన తెర వంక చూశాడు. భార్య వంక చూశాడు. టీ కప్పు బల్ల మీద పెట్టాడు.

“ఆ పిడి దగ్గరే చాలా కష్టపడ్డానండీ,” అన్నాడు.