శనివారం ఫైలు

చేతిలో ఫైలుంటే యూనివర్సిటీ ఆఫీసులో ఎక్కడికని ఎవరూ అడగరు. ఆ కిటుకుతోనే గుమాస్తా రాజలింగం రెండేళ్లుగా ప్రతి శనివారం పన్నెండింటికే గేటు దాటుతున్నాడు. బీరువాలో చేతికందిన లావుపాటి ఫైలొకటి, ఎప్పుడూ అదే. ఏనాడూ విప్పి చూడలేదు.

భార్య తారామణి వరంగల్‌లో టీచరు. తనకేమో నాచారంలో ఒంటరి అద్దె గది. వరంగల్ సెంటరుకు బదిలీ చేయమని పెట్టుకున్న అర్జీ ఏమైందో ఆఫీసులో ఎవరూ చెప్పలేకపోయారు.

ఈ శనివారం ఉప్పల్‌లో వరంగల్ బస్సెక్కే తోపులాటలో ఫైలు నాడా తెగి కాగితాలు చెదిరాయి. ఏరుతుంటే తన అర్జీ కనిపించింది. దాని కింద ఆఫీసరు రాత: "మంజూరు. వెంటనే ఉత్తర్వు పంపండి." తేదీ రెండేళ్ల కిందటిది.

"ఎక్కుతవా లేదా సారూ?" కండక్టరు గద్దించాడు.

తిరిగిస్తే, ఫైలు ఇన్నాళ్లూ ఎక్కడుందో చెప్పాలి. రాజలింగం కాగితాలన్నీ ఫైల్లో కుక్కి బస్సెక్కాడు.

గుమ్మంలో తారామణి ఎప్పటిలాగే అతని చంకలోంచి ఫైలు అందుకుంది.

"మన కాయిదం జాడ తెల్సిందా?"

"ఇంక దేవులాడుతున్రు."

"ఎవడో పనిదొంగ కింద పెట్టుకొని కూసున్నడు," అంది తారామణి, ఫైలు మీది దుమ్ము కొంగుతో తుడుస్తూ.