ఎండలో పెట్టిన కారు

“ఆ చప్పుడేంటండీ?”

మధ్యాహ్నం మొగుడికి ఫోన్ చేసిన ఆవిడ, అన్నం తిన్నారా అని అడగబోయి ఆగిపోయింది.

“ఏ చప్పుడు? ఆఫీసులో ఏసీ. మీటింగులో ఉన్నా, తర్వాత చేస్తా,” అన్నాడతను గొంతు తగ్గించి.

“ఏసీ అలా గుయ్యిమనదు. అది మన కారు ఫ్యాను.”

ఫోన్ కట్టయింది.

కారు కొన్న కొత్తలో ఆ ఫ్యాను గురించి చుట్టాలందరి చెవులూ తినేసింది అతనే. పెట్రోలుతోనూ బ్యాటరీతోనూ నడిచే ఆ హైబ్రిడ్ బండికి పైకప్పు మీద సోలార్ పలక ఉంది. ఆపేసి ఎండలో పెడితే, ఆ పలకలో పుట్టే కరెంటుతో ఫ్యాను తిరిగి లోపలి వేడిగాలిని బయటికి తోసేస్తుంది. ఇంజను వేయక్కర్లేదు, పెట్రోలు చుక్క ఖర్చు కాదు. నీడ పడితే మాత్రం ఆగిపోతుంది.

రోజూ ఆఫీసు సెల్లారులో పెడుతున్నానని చెప్పే కారుకి ఎండెక్కడిది? పనివేళప్పుడు ఈయన అందులో ఏం చేస్తున్నట్టు? ఎవరితో?

అనుమానం పెనుభూతం అంటారు కదా, ఆటో ఎక్కేసరికే ఆ భూతం ఆవిడ నెత్తి మీద కూర్చుంది. కారు ఎక్కడుందో ఫోన్‌లో కారు కంపెనీ యాప్ చూపిస్తూనే ఉంది. ఇవాళ తాడో పేడో తేలిపోవాలి. పక్క సీట్లో ఎవరైనా ఉంటే ఈ కాపురం ఇక్కడితో సరి.

స్టేడియం వెనక ఖాళీ స్థలం. బుద్ధున్నవాళ్ళంతా గోడ వారగా చెట్ల నీడన బళ్ళు పెట్టుకున్నారు. నట్టనడుమ, మాడిపోయే ఎండలో ఒకటే కారు. అద్దాలన్నిటికీ తెరలు.

ఆవిడ అద్దం మీద దబదబా బాదింది. “తియ్యండి తలుపు! ఎవతది లోపల?”

తలుపు తెరుచుకుంది. ఎవతీ లేదు. పొద్దున ఆవిడ కట్టిచ్చిన టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని, టై వదులు చేసుకుని, మొగుడొక్కడే కుక్కిన పేనులా కూర్చున్నాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. ఆ ఫ్యాను చల్లబరచదు మరి, లోపల బయటికన్నా మరీ ఉడికిపోకుండా చూస్తుందంతే.

“ఉద్యోగం పోయింది,” అన్నాడు తలెత్తకుండా. “ఎండలు మొదలైనప్పుడే.”

“మరి రోజూ టై కట్టుకుని వెళ్తున్నది?”

“ఇక్కడికే. నీడలో అద్దాలు దించుకు కూర్చుంటే తెలిసినవాళ్ళెవరో ఒకరు పలకరిస్తారు. తెరలేసుకుంటే ఊపిరాడదు. అందుకని ఫ్యాను తిరిగేలా ఎండలో పెట్టుకుంటున్నా.”

“మరి జీతం?”

“దాచుకున్నదే జీతమని చెప్పి నీకిస్తున్నా. అదీ అయిపోవచ్చింది.”

“నాకు చెప్పాలనిపించలేదా? నేనేమన్నా పరాయిదాన్నా?”

“ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఎక్కడికెళ్ళినా నా వయసు అడిగి, కబురు చేస్తామంటున్నారు. ఎవడూ చెయ్యడు.”

దారి పొడుగునా కూడగట్టుకున్న తిట్లలో ఒక్కటీ ఆవిడ నోటికి రాలేదు. ఏడుపొచ్చింది. కారు బానెట్‌ని పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది, అయినా తీయలేదు.

ఓదార్చాల్సిన మనిషి ఏడుస్తుంటే చివరికి అతనే ఓదార్చాడు. “ఊరుకో. నీ ఉద్యోగం ఉంది కదా, మనకేం ఫర్వాలేదు. ఆ ఒక్క ధైర్యంతోనే ఇందులో కూర్చోగలుగుతున్నా. ముందు నువ్వు వెళ్ళు. మీ మేనేజరు అసలే చండశాసనుడు. పర్మిషన్ అడక్కుండా వచ్చేశావేమో, కాల్చుకు తింటాడు.”

ఆవిడ వెళ్ళలేదు. కళ్ళు తుడుచుకుని, అటువైపుకి తిరిగొచ్చి, పక్క సీట్లో కూర్చుని తలుపేసుకుంది.

“పర్మిషన్ ఎవరిని అడగనండీ? నన్ను తీసేసి నెల దాటింది.”