గోడవైపు చాప

“వచ్చినవాళ్లను గోడకేసి కూర్చోబెట్టడమేమిటి యేసేపూ? బడిలో శిక్ష వేసినట్టు!”

1955 వేసవిలో ఎమ్మిగనూరు చర్చికి కొత్తగా వచ్చిన పాస్టరు జయన్నకు గోడవైపు పరిచిన ఆ చాప అసలు నచ్చలేదు.

ఉపదేశి యేసేపు నవ్వాడు. మనసు బాగాలేనివాళ్లు చెప్పుకోవడానికి ఆయన ఇంటికి వస్తారు. వాళ్లు గోడవైపు తిరిగి కూర్చున్నాకే ఆయన వచ్చి వెనక కూర్చుంటాడు.

“నేను మగ్గం నేసినోన్నయ్యా. మగ్గం గుంటలో కూసున్నోడు ఎనక్కి తిరగడు. నూలు కండెలు సుట్టేవాళ్లు ఎనకాల్నుంచి మాట్లాడతాంటారు. ఎదురుగా రాని మాటలన్నీ అప్పుడొస్తాయి.”

“వాక్యం చెప్పకుండా ఊరికే వింటావటగా?”

“ఇన్నాక గదయ్యా సెప్పేది!”

ఆదోని బస్సు హారను వినిపించింది. యేసేపు తలుపు చాటుకు తప్పుకున్నాడు. ప్రతి శుక్రవారం వచ్చే సుంకులమ్మ, కొంగు మొహం మీదికి లాక్కుని లోపలికొచ్చి, గోడవైపు కూర్చుంది. రొట్టెల మూట పక్కన పెట్టుకుంది.

“ఈపొద్దు పాస్టరయ్య కూడా ఉన్నాడమ్మా,” అన్నాడు యేసేపు వెనక కూర్చుంటూ.

“ఉండనీలేప్పా. ఆయనకూ సెప్తా. నాకు ఈరన్న ఒక్కడే కొడుకయ్యా. ఉరుకుంద ఈరన్న సామికి మొక్కితే పుట్టినాడు. ఏడేండ్ల కింద నా మాట కాదని మీ మతంలో కలిసి ఇల్లిడిసి పోయినాడు. ‘ఇంక నీ మొగం సూడను, సూస్తే నువ్వు నాకు దక్కవు’ అని ఆ సామి మీదనే ఆన పెట్టినా.”

“కోపంలో అన్న మాటకు బలం లేదమ్మా. వెళ్లి చూసి రండి,” అన్నాడు జయన్న.

“నాకేమన్నా అయితే కానీలే. వానికైతే?”

జయన్న ఏదో అనబోయాడు. యేసేపు వద్దన్నట్టు చెయ్యెత్తాడు. భయాన్ని వాదించి గెలవలేమని ఆయన నమ్మకం.

“కొడుకును ఏమడగాలనుందో అడుగమ్మా. వాని బదులు నేను సెప్తా.”

ఇదొక నాటకమా అని జయన్న మొహం చిట్లించాడు.

“యాళకు తింటాండావా?”

“తింటాండా.”

“నా మీద కోపం పోయిందా?”

“ఎప్పుడో పోయింది. నిన్ను సూడాలని పానం కొట్టుకుంటాందమ్మా.”

యేసేపు గొంతు బొంగురుపోయింది. ఊరివాళ్ల కష్టాలన్నీ నెత్తినేసుకుంటే ఇంతే మరి, అనుకున్నాడు జయన్న.

పక్కగదిలో పసిబిడ్డ ఏడ్చింది. సుంకులమ్మ తలెత్తింది కానీ తిరగలేదు.

“ఎవరి బిడ్డప్పా?”

“నా బిడ్డేనమ్మా. మూన్నెల్లు.”

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది.

“నేను ఆన పెట్టింది వానొక్కని మీదనే. పసిబిడ్డను సూస్తే తప్పులేదు గదా?”

యేసేపు భార్య మేరి బిడ్డను తెచ్చి ఒళ్లో పెట్టింది. సుంకులమ్మ ఆ చిన్ని మొహాన్ని ఆత్రంగా చూసింది. నుదురు, ముక్కు, గడ్డం వేలితో మెల్లగా తడిమింది. ఏడేళ్ల ఆకలంతా ఆ చూపులోనే ఉంది.

“ఎవరి పోలిక?”

“అందరూ నా పోలికే అంటారు.”

సుంకులమ్మ బిడ్డను గుండెకు హత్తుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. జయన్నకూ కళ్లు చెమర్చాయి. కొడుకు కోసం అల్లాడే తల్లి ఒళ్లో తన బిడ్డనే పెట్టాడు, ఇంతకన్నా వాక్యమేముంది అనుకున్నాడు. చాప గురించి ఇక మాట్లాడకూడదనుకున్నాడు.

బస్సు వేళయింది. బిడ్డను మేరికిచ్చి సుంకులమ్మ లేచింది. రొట్టెల మూటను చాప మీదే వదిలింది. ప్రతి వారమైతే, ఆకలైనోళ్లకు పెట్టప్పా, అని వెళ్లిపోయేది. ఈరోజు ఆ మాట అనలేదు. కొంగు మొహం మీదికి లాక్కుని, గోడ పట్టుకుని గడప దాకా నడిచి, వెనక్కి తిరక్కుండానే ఆగింది.

“ఎండిపోకముందే తిను, ఈరన్నా.”