అన్ని దారులూ మార్కాపురం మీదుగానే

విత్తనాల కంపెనీ బ్రాంచీల కంప్యూటర్ నెట్‌వర్క్‌ను ఇంజనీరు రాధాకుమారి ఏరియాలుగా విడగొట్టింది. పుల్లలచెరువులో లైను తెగినా కురిచేడు, తర్లుపాడు బ్రాంచీలు ఆగకూడదని ఆ ఏర్పాటు. ఏ బ్రాంచీ మరో బ్రాంచీతో మాట్లాడాలన్నా మార్కాపురం హెడ్డాఫీసు మీదుగానే పోవాలి.

మేనేజర్ జమాలుద్దీన్ డిజైన్ చూసి మెచ్చుకున్నాడు.

“గిద్దలూరులో కూడా మార్కాపురం మాదిరి ఒక సెంటర్ పెట్టు తల్లీ. మీ అత్తగారింటి కాడి నుంచే పని చూసుకోవచ్చు. పెళ్లయినదానివి, వారమంతా ఇక్కడ హాస్టల్లో ఎందుకు పడుండాల?”

“కుదరదు సార్. అట్ల చేస్తే మొత్తం దెబ్బతింటుంది. చూసుకునే మనిషి ఇక్కడే ఉండాల.”

“నీ డిజైన్‌లో నువ్వే చిక్కుకుంటివి గదమ్మా,” అని జాలిపడి ఆయన సంతకం పెట్టినాడు.

సాయంత్రం భర్త ఫోన్ చేసినాడు. “ఏమన్నాడు మీ సారు?”

“గిద్దలూరు నుంచి వీలు కాదన్నాడు.”

అతను తిట్టి ఫోన్ పెట్టేసినాడు.

నిజానికి గిద్దలూరులో సెంటర్ పెట్టడం ఆమెకు ఒక పూట పని. హాస్టల్ గదిలోకి పోయి, లోపలి గడియ వేసుకొని, మంచం మీద కూర్చుంది.

గిద్దలూరు ఇంట్లో ఆమె గదికి గడియ బయటి నుంచి పెడతారు.